కార్డు మూగవోయినచో కంప్యూటరు నార్పవలెనా?
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



మన పిల్లల ఇంటిపేరులు ఒడియాలోనికి, ఆంగ్లములోనికి పోవునప్పు డెన్ని రూపములు దాల్చునో మీ రెరుగుదురు. అందుచేతనే గత సంవత్సరము పదవ తరగతి జాబితా వ్రాయునపుడు మిమ్ము లక్ష్మీపూరునకు రప్పించి, ప్రతి పేరును మీ యెదుటనే సరిచూచితిమి. సాయంకాలమునకు మీరు బస్సు లెక్కి వెడలితిరి. అంతలో కంప్యూటరు గదిలోని తెరలన్నియు నిలిచిపోయెను.

ఆ గదిలో ఉపాధ్యాయుల యెదుట నున్నవి తెరయు మీటలును మాత్రమే; పనియంతయు మూలనున్న పెద్ద కంప్యూటరులోనే జరుగును. చూడగా అది చక్కగనే నడచుచుండెను. మూగవోయినది దానిలో అమర్చిన నెట్‌వర్కు కార్డొకటే. గుమాస్తా "ఆర్పి వెలిగించెదనండీ" యని మీటపై వ్రేలుంచెను. వలదంటిని. ఆర్పినచో, ఇంకను భద్రపరుపని పేరులన్నియు మెమరీనుండి తుడిచిపెట్టుకొని పోవును. ఆనాడు కూలి పోగొట్టుకొని వచ్చినవారు మీలో పలువురు. మరల రమ్మనుటకు నాకు నోరాడలేదు.

మా గణితోపాధ్యాయులు ఉపాయ మెరిగినవారు. మా కంప్యూటరు లైనక్సుతో నడచును. అందు ప్రతి కార్డునకు నొక చిరునామాయు, ఆ పేర నొక ఫోల్డరును గలవు. అందలి 'రిమూవ్' అను ఫైలులో 1 అను అంకె వ్రాసిన యెడల కంప్యూటరు ఆ కార్డును మరచిపోవును. పిదప 'రీస్కాన్' అను ఫైలులో 1 వ్రాసినచో, మరల వెదకి, దానిని క్రొత్త చుట్టమువలె గుర్తించును. అట్లు చేయగా కార్డు కనబడెను గాని పలుకలేదు. అంతట డ్రైవరును విడదీసి, 'రీసెట్' అను ఫైలులో 1 వ్రాసి, డ్రైవరును తిరిగి కలిపిరి. కార్డుపై పచ్చదీపము వెలిగెను. ఉపాధ్యాయులు మరల ప్రవేశింపగా పేరులు ఆగినచోటనే యుండెను. విండోసు గలవారు డివైస్ మేనేజరులో ఆ కార్డును డిసేబుల్ చేసి, మరల ఎనేబుల్ చేసి చూడవచ్చును.

ఇది యన్నివేళల ఫలింపదు. కొన్ని కార్డులలో రీసెట్ ఏర్పాటే లేదు. మరికొన్ని విద్యుత్తు పూర్తిగా తీసిననే గాని తేరుకొనవు. అప్పుడు ఆర్పి వెలిగించుటయు చాలదు, ప్లగ్గు తీసి కొంతసే పుంచవలెను. డిస్కులు తగిలించిన కార్డుపై నీ ప్రయోగము కూడదు. సగము వ్రాసిన ఫైళ్లు పాడగును. నడచుచున్న యంత్రమునుండి కార్డును చేతితో పీకుట యంతకన్న చేటు.

ఆ రాత్రి పేరులన్నియు భద్రపరచిన పిమ్మటనే కంప్యూటరు నార్పితిమి. ఈ సంవత్సరము, మీరు బస్సునకు వెడలకమునుపే, మీ బిడ్డ పేరు గల కాగితము ముద్రించి మీ చేతి కిచ్చెదము.