క్షతవీరులకు శిల యేది?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణముల పఠనమందిర సభ్యుల నుద్దేశించిన ప్రసంగపాఠము)



రణమున నేలకొరిగిన వీరునకు శిల నిలుపుట మనకు క్రొత్త యాచారము గాదు. తెలుగునాట నూళ్ల పొలిమేరలందు కానవచ్చు వీరగల్లులే యిందుకు సాక్ష్యము. పలనాట కారెంపూడిలో వీరుల కేటేట ఉత్సవము నేటికిని జరుగుచున్నది. మృతవీరుని మరువరాదను బుద్ధి పెద్దలు మనకిచ్చిన సొత్తు. నేడు మేము మీ ముందుంచు ప్రశ్న వేఱొకటి: గాయపడి బ్రదికి వచ్చిన వీరునకు శిల యేది?

1999 నాటి కార్గిల్ యుద్ధమున మన సైనికులు 527 మంది అసువులు బాసిరి. 1,363 మంది గాయపడిరి. ద్రాస్‌లోని స్మారకము అసువులు బాసినవారి పేళ్లను మోయుచున్నది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ఆవిష్కరింపబడిన జాతీయ యుద్ధస్మారకమున 25,000కు మించిన అమరుల నామములు కలవు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో వీరమరణము నొందిన ఇరువదిమందిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. మరుసటి యేడు ఆ పట్టణమున ఆయన విగ్రహము వెలసినది. ఇవి యన్నియు యుక్తములే. కాని కార్గిల్‌లో మృతుడొక్కనికి ఇద్దరికి మించి క్షతగాత్రులుండిరి గదా! వారి పేళ్లు చదువుకొనుటకు మనమెక్కడికి పోవలెను?

రాజ్యము వారిని బొత్తిగా మరచెనని మేమనము. పూనాలోని కృత్రిమాంగ కేంద్రము 1944 నుండి కాళ్లు, చేతులు పోయినవారికి సేవ చేయుచున్నది. శత్రువుచే గాయపడిన సైనికునకు 1973లో పతకము నేర్పరచిరి. అదియే పరాక్రమ పదకము. వెన్నెముక దెబ్బతిని నడువలేని సైనికులకై 1974లో ఖడ్కీలో పునరావాస కేంద్రము వెలసినది. అయినను పతకము పెట్టెలో నుండును. కేంద్రము దూరదేశమున నుండును. ఊరివారి కన్నులయెదుట నుండవలసిన దేదో లోపించినది.

అమెరికాలో వాషింగ్టన్ 1782లో నెలకొల్పిన యోగ్యతాచిహ్నమును 1932లో పునరుద్ధరించి, 'పర్పుల్ హార్ట్' పేర యుద్ధమున గాయపడినవారి కిచ్చుచున్నారు. ఆ పతకము పొందినవారికై అచ్చటి చిన్న పట్టణములు సయితము శిలలు నిలిపినవి. మనము వారి ఆర్భాటమును గాక, ఆ తలంపును గ్రహింతము.

"రాతికి పెట్టు డబ్బు ఆ మనుష్యునకే యీయరాదా?" యని కొందరందురు. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. కాని క్షతవీరుడు కోరునది జాలి గాదు. 1971 యుద్ధమున మందుపాతరవలన నుజ్జయిన తన కాలిని తానే ఖండించుకొనిన ఇయాన్ కార్డోజో, తరువాత పటాలమునకును, బ్రిగేడునకును నాయకత్వము వహించి మేజర్ జనరలయ్యెను. వానికి కావలసినది పని, గౌరవము, త్రోవ.

సిరిసిల్ల సోదరులారా! పడుగులో పోగు తెగినచో మీరు మగ్గము నాపుదురు. పోగు నతికి మరల నేయుదురు. తెగెనని పోగును పారవేయరు. గాయపడిన సైనికుని యెడ ఊరు చేయవలసిన దింతియే.

కావున మీ మూడు పట్టణములును స్మారకము తలపెట్టునెడల మా విన్నపములు మూడు. శిలపై అమరుల సరసనే క్షతవీరుల పేళ్లును, వారి సమ్మతితో, చెక్కింపుడు. ఆ శిలకు ఎత్తైన మెట్లు కట్టకుడు. ఎవని గౌరవార్థము కట్టితిమో ఆతడే చక్రపుకుర్చీలో క్రింద నిలిచిపోయినచో అది స్మారకము గాదు, అవమానము. 1949 నుండి జరుగుచున్న సాయుధదళముల పతాకదినమున, డిసెంబరు 7న, అచ్చట గుమిగూడి పూలమాలతో సరిపెట్టక, వారి పింఛను కాగితము లేయే కార్యాలయమున నిలిచిపోయినవో, వారి బిడ్డల చదువెట్లున్నదో విచారింపుడు.

చనిపోయినవాడు మనలను ప్రశ్నింపడు. బ్రదికి వచ్చినవాడు మన వీథిలోనే నడచుచు, ప్రతిదినమును మౌనముగా ప్రశ్నించుచున్నాడు. అతనికి బదులు చెప్పు శిలయే నిజమైన స్మారకము.