కాకినాడలో కన్నుమూసిన కోనిగ్

కరివేపాకు శాస్త్రీయ నామం చివర 'కోనిగీ' అని ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞుడు యోహాన్ గెరార్డ్ కోనిగ్ గౌరవార్థం ఆయన గురువు, స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన పేరది.

బాల్టిక్ ప్రాంతపు జర్మన్లలో 1728లో పుట్టిన కోనిగ్ స్వీడన్‌లో చదివాడు. ఐస్‌లాండ్‌లో మొక్కలు సేకరించాడు. తర్వాత మిషన్ వైద్యుడిగా తమిళ తీరంలోని తరంగంబాడి చేరి, అక్కడి మిషనరీలకూ మొక్కల మీద ఆసక్తి కలిగించాడు. ఆర్కాటు నవాబు కొలువు చేశాడు. 1778లో ఈస్టిండియా కంపెనీలో చేరి సయాం, మలక్కా దాకా తిరిగాడు.

ఆయన చూపు మొక్కలతోనే ఆగలేదు. చెదల మీద ఒక వ్యాసం రాశాడు. పుట్టకు గాలివాటున ఒక కన్నం, అవతలి వైపు మరో కన్నం చేసి, ఇటు పొగబెట్టి, అటు కుండలో ఉసుళ్లు పట్టే పల్లెవాళ్ల నేర్పును అందులో వర్ణించాడు. సామాన్యుల పనిని అంత శ్రద్ధగా గమనించినందుకు ఆయనంటే నాకు ఎనలేని గౌరవం.

1785లో కాకినాడ జగన్నాథపురంలో జిగట విరేచనాలతో మరణించాడు. సామర్లకోటలో ఉండే మిత్రుడు, వైద్యుడూ వృక్షశాస్త్రజ్ఞుడూ అయిన రాక్స్‌బర్గ్ చివరి రోజుల్లో వైద్యం చేశాడు. కోనిగ్ రాతప్రతులు లండన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి. ఆయన తిరిగిన కోరమాండల్ తీరపు మొక్కల మీద మిత్రుడు రాక్స్‌బర్గ్ బొమ్మల గ్రంథం 1795 నుంచి వెలువడింది.