ఆస్పత్రి నిర్వహణ చదువు - ఆడవాళ్ల లెక్క



ఆస్పత్రి నిర్వహణ డిగ్రీ గురించి స్త్రీల హక్కుల సభలో మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. స్త్రీల ఆరోగ్యం అనగానే మనకు డాక్టరు, నర్సు, మందులు, ఆపరేషను గుర్తొస్తాయి. 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చిన నాటి నుంచీ మనం ఎక్కువగా ప్రశ్నించింది డాక్టర్నే. ఆ ప్రశ్నలు ఇంకా తీరలేదు. ఈలోగా ఆస్పత్రి మారిపోయింది. డాక్టరు గదికి వెళ్లే ముందూ, వెళ్లొచ్చాకా ఎన్నో కౌంటర్లు దాటాలి: రిజిస్ట్రేషన్, బీమా, బిల్లింగ్, డిశ్చార్జి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఒక్కో చికిత్సకు ఒక్కో ప్యాకేజి, ఒక్కో ధర ఏర్పడ్డాయి. ఈ కాగితాలన్నీ నడిపే మనుషులను తయారుచేసే చదువు ఇది.

ఇంటర్ అయ్యాక బిబిఎలోనే హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ చదవవచ్చు. మెడిసిన్ సీటు అందని ఇళ్ల ఆడపిల్లలకు ఆస్పత్రిలో ఉద్యోగానికి ఇదొక దారి. దీన్ని చిన్నచూపు చూడనక్కరలేదు. తన జీతం తన చేతికి రావడం చిన్న విషయం కాదు. అయితే ఈ చదువు ఆమెకు ఎవరి తరఫున ఆలోచించడం నేర్పుతోందన్నది మనం అడగవలసిన ప్రశ్న.

పడకలు ఎంత శాతం నిండాయి? రోగి సగటున ఎన్ని రోజులు ఉంటున్నారు? ఎన్ని క్లెయిములు తిరిగొచ్చాయి? తరగతిలో ఇలాంటి లెక్కలు చెబుతారు. అవి అవసరమే. లెక్కాపత్రం లేని ఆస్పత్రి వల్ల మొదట నష్టపోయేది పేదలే. కానీ అవే రికార్డుల్ని ఇంకో ప్రశ్న కూడా అడగవచ్చు.

గర్భసంచి ఆపరేషన్‌నే తీసుకుందాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో వెళ్లిన మనిషికి క్యాన్సర్ భయం పెట్టి గర్భసంచి తీసేసిన సంగతులు గ్రామాల్లో పనిచేసే మీకు నేను చెప్పనక్కరలేదు. అనవసరంగా చేసిన ఇలాంటి ఆపరేషన్ల మీద 2013లో వేసిన ప్రజాహిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. నలభై ఏళ్లలోపు స్త్రీలకు చేసిన ప్రతి గర్భసంచి ఆపరేషన్‌నూ, దాని కారణాన్నీ ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులు నివేదించాలని కేంద్రం కోరింది.

మరి ఆ జాబితా రాసేదెవరు? రికార్డుల విభాగంలో కూర్చున్న మన అమ్మాయే. వయసు గడిలో వరసగా 27, 31, 29 అని కనిపిస్తుంటే ఆగి చూడాలని ఆమెకు ఎవరైనా నేర్పారా? ముందు మందులతో ప్రయత్నించారా, ఆ స్త్రీకి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకున్నారా, ఆమెను ఇక్కడికి ఎవరు పంపారు - ఇవన్నీ కేస్ షీటును అడగవలసిన ప్రశ్నలని పాఠ్యపుస్తకంలో ఉండాలి.

ఇరవై ఏళ్ల అమ్మాయి యాజమాన్యాన్ని ఎలా ఎదిరిస్తుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఒంటరిగా ఎదిరించమనడం అన్యాయం కూడా. అందుకే ఆమెకు చట్టం తెలియాలి. పదిమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. యాభై పడకల లోపు ప్రైవేటు ఆస్పత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2016లో కేంద్రం నియమించిన కమిటీ సిఫారసు చేసింది. రేపు జీతాల పట్టీ తయారుచేసేది కూడా ఈ విద్యార్థినే. రోగి హక్కు, నర్సు జీతం, ఊడ్చే మనిషి కాంట్రాక్టు, తన భద్రత - ఇవి వేరువేరు విషయాలు కావని ఆమెకు చదువుకునే రోజుల్లోనే తెలియాలి.

మనం చేయగల పనులు మూడున్నాయి. ఈ కోర్సులున్న కళాశాలలకు వెళ్లి, రోగుల హక్కుల మీద, స్త్రీ ఆరోగ్యం మీద ఒక పేపరు పెట్టమని పాఠ్యప్రణాళిక సంఘాలను అడగాలి. ఇంటర్న్‌షిప్‌లో కొన్ని వారాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్తలతో గడిపేలా చూడాలి. ఉద్యోగంలో చేరాక తప్పు కనిపిస్తే పేరు బయటపడకుండా వచ్చి చెప్పుకోవడానికి మన సంఘాల్లో ఆమెకు చోటుండాలి.

ఇన్నాళ్లూ ఆస్పత్రి గేటు ముందు నిలబడి రికార్డులు చూపించమని అడిగాం. ఇప్పుడు ఆ రికార్డులు రాసే ఆడపిల్లలు మన ఊళ్లలోనే చదువుకుంటున్నారు. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోగా మీ జిల్లాలో ఈ కోర్సు ఏయే కళాశాలల్లో ఉందో జాబితా రాయండి. పని అక్కడి నుంచి మొదలుపెడదాం.