చివరి ఫోటో – నాడు, నేడు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగలాంటి రోజున చావు కబుర్లేమిటని ఎవరూ అనుకోవద్దు. ఏటా మనం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేదే ఇంకా బతికున్నామని చెప్పడానికి గదా!

మా చిన్నతనంలో కొల్లేటి లంకల్లో ఫోటో అంటే అపురూపం. బతికుండగా ఒక్కసారైనా ఫోటో దిగని పెద్దలు ఎందరో. మనిషి పోయాక, కాస్త కలిగినవాళ్ళు ఏలూరుకో కైకలూరుకో కబురు పంపేవారు. ఫోటోగ్రాఫరు కెమెరా, మూడుకాళ్ళ స్టాండు పడవలో వేసుకుని వచ్చేవాడు. పోయినాయనకు స్నానం చేయించి, బొట్టుపెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా వెనకనుంచి గుడ్డతో కట్టి, దండ వేసేవారు. కొడుకులు, కోడళ్ళు, మనవలు ఏడుపు ఆపుకుని చుట్టూ నిలబడేవారు. తరువాత స్టూడియోలో మూసిన కళ్ళను కుంచెతో తెరిపించేవారు. ఆ కళ్ళు ఎవరి కళ్ళయినా సరే, మనవలకు తాతగారంటే ఆ పటమే.

సాగనంపడమూ తేలిక కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే శ్మశానాలు మునిగేవి. శవాన్ని దోనెలో పెట్టుకుని మెరక వెదుక్కుంటూ పోయేవారు. గొయ్యి తవ్వుతుంటే నీరు ఊరేది. ఒకరు తోడిపోస్తుంటే మరొకరు తవ్వేవారు. దహనం చేసేవారికి తడికట్టెలతో మరో యాతన. జంగాలు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. క్రైస్తవ సోదరులు పెట్టెలో పెట్టి పూడ్చి, నవంబరు 2న సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. తీరు ఏదైనా, వెంట నడిచే మనుషులుండేవారు.

ఆ మనుషులు లేకపోతే ఏమవుతుందో రెండుసార్లు చూశాం. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ ప్రాంతంలో సుమారు 10 వేలమంది పోయారు. ఆనవాలు పట్టేవారు లేక ఎన్నో శవాలను సామూహికంగా పూడ్చారు, కాల్చారు. మళ్ళీ 2020, 2021లలో కరోనా వచ్చినప్పుడు, కన్నబిడ్డలు దూరాన నిలబడి సెల్‌ఫోనులో కడసారి చూపు చూసుకున్నారు.

ఇప్పుడు ఫ్రీజరు పెట్టె వచ్చింది, వైకుంఠ రథం వచ్చింది. అమెరికాలో ఉన్న అబ్బాయి వీడియోలో దణ్ణం పెట్టుకుంటున్నాడు. అది మంచిదే, కాదనను. గంటలోపల వీధి మలుపులో ఫ్లెక్సీ కూడా లేస్తుంది. కాని పాడె పక్కన నిలబడి సెల్ఫీ దిగడం మాత్రం నాకు మింగుడుపడదు. నాడు ఒక్క ఫోటో కోసం ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడేవారు. నేడు వంద ఫోటోలు తీస్తున్నాం; నెల తిరక్కుండానే ఏ ఫోనులో ఉన్నాయో తెలియడం లేదు.

ఇక మన సంగతి. ఆఫీసులో ఎందరివో పెన్షన్ కాగితాలు నా చేతిమీదుగా వెళ్ళాయి. వాటికి భార్యాభర్తల జాయింటు ఫోటో జతపరచాలి గదా. పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినా, ఇద్దరూ కలిసి దిగిన మొదటి ఫోటో అదేనని చెప్పిన దంపతులు నాకు ఎందరో తెలుసు. సంతకాల హడావుడిలో, బిగుసుకుపోయి దిగిన ఫోటో! తరువాత ఆయన కాలం చేస్తే, అందులో ఆయన సగాన్నే పెద్దది చేయించి గోడకు తగిలించిన ఇళ్ళకు నేను పరామర్శకు వెళ్ళాను. ఆ పటంలో ఆయన భుజం పక్కన ఆవిడ చీర అంచు కొంచెం కనిపిస్తూనే ఉంటుంది.

కనుక నా మనవి మూడు ముక్కలు. మీ ఇద్దరూ ఈ నెలలోనే, ఇష్టమైన బట్టలు కట్టుకుని, నవ్వుతూ ఒక ఫోటో దిగండి. దాన్ని కాగితం మీద వేయించి, వెనకాల పేర్లు, తేదీ రాయండి. పూడ్చాలో, దహనం చేయాలో, ఎక్కడ చేయాలో పిల్లలకు ముందే చెప్పండి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలనీ, ఆ సర్టిఫికెట్ లేనిదే ఫ్యామిలీ పెన్షను కదలదనీ కూడా చెప్పి ఉంచండి.

మన కళ్ళు ఇంకొకరు కుంచెతో దిద్దే అవసరం రాకూడదు.