యంత్రము వ్రాసిన చిట్టాను మనమూ చూడవలె
(జనక్‌పురి సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



పూర్వము కౌంటరు లెక్కలో తేడా వచ్చినచో చిట్టా తెరచి, చేవ్రాలు చూచి, ఎవరు వ్రాసిరో తేల్చెడివారు. నేడు రిజర్వేషను టెర్మినలులోనైనను, తపాలా పొదుపు ఖాతాలోనైనను కంప్యూటరే చిట్టా వ్రాసికొనుచున్నది. ఏ ఐ.డి.తో, ఏ నిమిషమున, ఏ యంత్రము నుండి ఏ పని జరిగినదో అందులో ఉండును. దానినే లాగ్ అందురు. అధికారులు దానిని చూచి అభియోగపత్రము వ్రాయుదురు. మనము దానిని చూడకయే సంజాయిషీ ఇచ్చుచున్నాము.

బ్రిటన్ తపాలా శాఖలలో 1999 నుండి హొరైజన్ అను కంప్యూటరు పద్ధతి ప్రవేశించినది. ఫుజిత్సు సంస్థ దానిని నడిపెడిది. తెరపై లోటు కనబడినచో శాఖా నిర్వాహకుడే దొంగ అయ్యెను. 2015 వరకు 900 మందికి పైగా దోషులుగా నిర్ణయింపబడిరి, కొందరు జైలుపాలైరి. బ్రిడ్లింగ్టన్‌లో శాఖ నడిపిన లీ క్యాజిల్టన్ లెక్క తప్పుచున్నదని సహాయ కేంద్రమునకు పదేపదే ఫోను చేసెను. అయినను 2007లో కోర్టు ఆయననే బాధ్యునిగా తేల్చెను. సుమారు 25,000 పౌండ్ల లోటుకు తోడు 3 లక్షల పౌండ్లకు మించిన ఖర్చులు మీదపడి ఆయన దివాలా తీసెను. వకీలు లేక ఒంటరిగా వాదించుకొన్నాడు పాపము. తరువాత 555 మంది కలసి దావా వేసినపుడే యంత్రములోని తెలిసిన దోషముల పట్టిక బయటపడినది. ఫుజిత్సు సిబ్బంది దూరము నుండి, నిర్వాహకునికి తెలియకుండ, లెక్కలు మార్చగలిగియుండిరని 2019 డిసెంబరు 16న జస్టిస్ ఫ్రేజర్ నిర్ధారించెను. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసి వందలాది శిక్షలను రద్దుచేయవలసి వచ్చినది.

మన తపాలా కార్యాలయములు 2025 ఆగస్టు నాటికి ఏ.పి.టి. అను క్రొత్త సాఫ్ట్‌వేరులోనికి మారినవి. అది చెడ్డదని మేము అనుట లేదు. లాగ్‌లో ఉన్నది ఐ.డి.యే గాని మనిషి చేయి కాదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇందులో మన తప్పును లేకపోలేదు. పర్యవేక్షకుని పాస్‌వర్డు కాగితపు ముక్కపై వ్రాసి కౌంటరు అద్దము క్రింద పెట్టుట మనకు తెలియనిదా? క్యూ కదలవలెనని మంచి మనస్సుతోనే ఇచ్చెదము. విచారణ నాడు ఆ మంచి మనస్సు ఏ లాగ్‌లోను కనబడదు. ఇకమీదట ఎవరడిగినను ఇవ్వకుడు. పై అధికారి ఒత్తిడి చేసినచో వ్రాతపూర్వకముగా ఆదేశము కోరుడు.

అభియోగము వచ్చినపుడు, నేరము మోపిన ఒక్క పంక్తి నకలుతో తృప్తిపడరాదు. ఆ దినపు లాగ్ అంతయు, ఆమోదించిన అధికారి ఐ.డి., సవరణలు, యంత్రపు సంఖ్య అడుగవలె. వాటిని హాజరు పట్టీతో, సెలవు పత్రముతో, డ్యూటీ రోస్టరుతో సరిపోల్చవలె. భోజనమునకు వెళ్లిన సమయములో మన ఐ.డి. పనిచేసియున్నచో విచారణ మరొక దారి పట్టును.

తపాలా వారికి 1965 నాటి సి.సి.ఎస్. (సి.సి.ఏ.) నియమములు, రైల్వే వారికి 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమములు ఈ హక్కు నిచ్చుచున్నవి. అభియోగపత్రముతోడి జాబితాలో లేని పత్రములను సైతము, అవి కేసుకు ఎట్లు సంబంధించినవో చూపి, గడువులోగా కోరవచ్చును. నిరాకరించినచో విచారణాధికారి కారణము వ్రాయవలసియుండును. గడువు మాత్రము దినములలోనే ముగియును. కావున దరఖాస్తు అందినట్లు ముద్ర వేయించుకొని, నకలును అదే దినమున శాఖా కార్యదర్శికి పంపుడు.