కుమాయూను కొండలలో చెరువులు

(ప్రసంగ పాఠము)



రాజధానిలో ఉద్యోగము చేయు తెలుగు కుటుంబములకు వేసవి సెలవులు వచ్చినవనగానే రెండే దారులు తోచును. ప్రయాణ రాయితీ లభించిన ఏట స్వగ్రామమునకు పోవుట ఒకటి; లభింపని ఏట పిల్లల పోరు పడలేక దగ్గరి కొండలకు పోయి నాలుగు దినములుండి వచ్చుట మరియొకటి. ఈ రెండవ దారి పెక్కుమందిని నైనీతాలునకు చేర్చును. ఢిల్లీకి అది సుమారు 300 కిలోమీటర్ల దూరము. కాఠ్‌గోదాము వరకు రైలు కలదు. 1884లో వేసిన దారియే అది. అచ్చటినుండి 35 కిలోమీటర్లు కొండ ఎక్కవలెను.

ఊరినుండి వచ్చిన పెద్దవారిని వెంట తీసికొని పోయినచో అచ్చట ఒక వేడుక జరుగును. బస్సు దిగగానే పిల్లలు పడవల రేవునకు పరుగెత్తుదురు. పెద్దవారు మాత్రము నీటివంక కొంతసేపు చూచి, "దీనికి గట్టేది? తూమెక్కడ?" అని అడుగుదురు. తక్కినవారు నవ్వుదురు. నవ్వవలసిన ప్రశ్న కాదది. తరతరములుగా చెరువు నీటితో పంట పండించుకొని బ్రదికిన జాతి అడుగదగిన ప్రశ్న. దానికి సమాధానము వెదకుచు ఆ కొండలలో తిరిగినవారికి, ఊరక పడవనెక్కి దిగినవారికి కనబడనివి చాల కనబడును.

తెలుగుదేశమున చెరువనగా మనుష్యుడు కట్టినది. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా, రెండు కొండల నడుమ సందును మూసి, కంభము చెరువును కట్టిరి. గట్టు చిన్నదే, దాని వెనుక నిలిచిన నీరు కిలోమీటర్ల కొలది వ్యాపించును. గట్టు ఎచ్చట బలహీనముగ నున్నదో, అలుగు ఏ వానకు పారునో, ఊరివారికి తెలియును. నైనీతాలులో అట్టి గట్టు కంటికి ఆనదు. ఆనకపోవుటకు కారణము అది లేకపోవుట కాదు. చుట్టును నిలిచిన కొండలే దాని గట్టు. దక్షిణపు కొసను తల్లీతాల్ వద్ద నీటిని వదలు తలుపులు కూడ కలవు. పెద్దలడిగిన తూము అదియే. బస్సులు ఆగుచోటికి కూతవేటు దూరములోనే యున్నను చూచువారు అరుదు.

సముద్రమట్టమునకు సుమారు 1,940 మీటర్ల ఎత్తున, దాదాపు కిలోమీటరున్నర పొడవున, కంటి ఆకారములో నున్న సరస్సు ఇది. లోతు మిక్కిలిగా నున్నచోట సుమారు 27 మీటర్లు. సతీదేవి నేత్రము పడిన స్థలమని భక్తులు చెప్పుదురు. నయనాదేవి ఆలయము ఉత్తరపు గట్టున నున్నది. అత్రి, పులస్త్య, పులహులు త్రవ్విన సరస్సని మరియొక కథ. కథ ఏదైనను ఒకటి నిజము: ఆ ప్రాంతపువారు దీనిని పవిత్రముగా ఎంచి, ఒడ్డున కాపురములు పెట్టుకొనక దూరముగనే యుండిరి. 1841లో షాజహాన్‌పూరు చక్కెర వర్తకుడు బ్యారన్ అను ఆంగ్లేయుడు వచ్చి చూచి ముగ్ధుడయ్యెను. నలుబది సంవత్సరములు తిరుగకుండగనే కొండవాలు నిండ బంగళాలు లేచినవి.

ఆ కొండవాలు మెత్తని పలకరాతిది. నీరు ఇంకినచో పొరలు జారును. 1866లో ఒకమారు, 1879లో మరియొకమారు కొంత భాగము జారి హెచ్చరించినది. 1880 సెప్టెంబరులో రెండు దినములు ఎడతెగని వాన కురిసెను. 18వ తేదీ ఉదయమున విక్టోరియా హోటలు వెనుక కొంత కొండ విరిగి కొందరిని కప్పివేసెను. వారిని వెలికిదీయుటకు సిపాయీలు, కూలీలు, అధికారులు పలుగులు పారలతో చేరిరి. మధ్యాహ్నమైన పిమ్మట, వారు త్రవ్వుచుండగనే, పైనున్న కొండ మొత్తముగ దిగివచ్చెను. 151 మంది మరణించిరి. హోటలును, ఆలయమును, సభామందిరమును కొట్టుకొనిపోయి, మట్టి సరస్సులోనికి చేరెను. నేడు పిల్లలు బంతులాడు విశాలమైన మైదానము ఆ మట్టితో పెరిగినదే. ఆలయమును తరువాత మరల కట్టిరి. మైదానమున ఐస్‌క్రీము తినుచు నిలుచున్నవారు ఏమి మీద నిలుచున్నారో చెప్పు మనుష్యుడొకడు అచ్చట ఉండినచో బాగుండును.

ఆ ఘోరము తరువాత అధికారులు చేసిన పని మెచ్చదగినది. వాలుమీద పడిన వాననీరు కొండలోనికి ఇంకక నేరుగ సరస్సునకు దిగునట్లు రాతికాలువలు కట్టించిరి. చిన్నవి పెద్దవి కలిపి అరువదికి పైగా కలవు. ఇచ్చటివారు వానిని నాలాలందురు. తెలుగు పెద్దలు చెరువునకు నీరు తెచ్చు వాగులను ఎట్లు చూచుకొనెడివారో అట్లే వీనిని చూచుకొనవలెను. పూడిక తీయవలెను, చెత్త పడనీయరాదు. ఇటీవలి దశాబ్దములలో ఇండ్లు కట్టిన మట్టియు, సంచులును, సీసాలును వానిలో పడి సరస్సును చేరుచున్నవి. అడుగు నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు చచ్చుచుండుటచే 2007 నుండి గొట్టములద్వారా నీటిలోనికి గాలిని పంపవలసివచ్చినది. రోగికి ముక్కున గొట్టము పెట్టినట్లే అది.

ఊరిజనము త్రాగునీరు ఈ సరస్సు ఒడ్డున త్రవ్విన గొట్టపుబావులనుండియే వచ్చుచున్నది. వేసవిలో వచ్చిపడు యాత్రికుల స్నానపు నీరు కూడ అదియే. 2017 వేసవిలో సరస్సు ఎన్నడును లేనంతగ క్రిందికి దిగిపోయి, అంచుల బురద బయటపడి బీటలు వారెను. వాన తగ్గుట ఒక్కటియే కారణము కాదు. నైనీ సరస్సునకు పైభాగమున, కిలోమీటరు దూరములో, సూఖాతాల్ అని ఒక పల్లమున్నది. ఎండిన చెరువని ఆ పేరునకు అర్థము. వానలలో నిండి, కొన్ని వారములలో ఇంకిపోవును. ఆ ఇంకిన నీరు ఎచ్చటికి పోవును? భూగర్భముననే మెల్లగ నైనీ సరస్సునకు చేరును. ఎండాకాలమున నైనీతాలు నిలుచుట ఈ దాచిన నీటి చలువయే. పనికిరాని గుంట అని తలచి అందులో మట్టి పోసిరి, ఇండ్లు కట్టిరి, బండ్లు నిలిపిరి. అందముగ తీర్చిదిద్దుట అను పేరుతో పనులు మొదలుకాగా, 2022 నవంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు వానిని నిలిపివేసెను. ఎండిన చెరువును కూడ చెరువుగనే ఎంచవలెనని తెలుగు రైతునకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. పట్టణములు పెరిగిన తావులలో మాత్రము తెలుగువారును ఈ మాట మరచిరి.

నైనీతాలు రద్దీ పడనివారు ఇరువది కిలోమీటర్లు దిగి భీమతాలునకు పోవుదురు. ఇచ్చట అసలైన గట్టే కలదు. 1883లో రాతితో కట్టినది. క్రిందనున్న భాబరు మెట్టనేలలకు నీరందించుటకై నీటిని నిలువచేసిరి. ఊరి పెద్దలకు ఇది చూడగనే ప్రాణము లేచివచ్చును. గట్టుమీద నడచి తూము చూచి కాని కదలరు. నడుమ చిన్న ద్వీపమొకటి. దానికి నాలుగైదు కిలోమీటర్లలో నౌకుచియాతాల్, తొమ్మిది మూలల చెరువు. ఈ సరస్సులలో లోతైనది ఇదియే, సుమారు 40 మీటర్లు. తొమ్మిది మూలలను ఒక్కచూపున చూచినవాడు ధన్యుడని ఇచ్చటివారి నమ్మకము. చూడగలిగిన చోటు ఒక్కటియు లేదని తిరిగి వచ్చినవారి అనుభవము.

సాత్‌తాల్ వైపు అడవి దట్టము. ఏడింటిలో కొన్ని ఎండినవి. రామ, లక్ష్మణ, సీతల పేర్ల సరస్సులు అచ్చటివే. దారిలోనున్న చిన్న చెరువునకు నలదమయంతుల పేరు. శ్రీనాథుని శృంగారనైషధము చదువుకొన్న ఇల్లాండ్రు ఆ పేరు విని, కారు ఆపించి దిగుట కలదు. అచ్చట చూడవలసినది చెరువు మాత్రమే కాదు, చుట్టునున్న బాంజ్ చెట్లు. వాని క్రింది ఆకుమట్టి తడిని పట్టియుంచును. దేవదారువంటి చీడ్ చెట్ల క్రింద ఎండిన సూదులు పరచుకొని వేసవిలో నిప్పంటుకొనును. బాంజ్ అడవి ఉన్నచోట ఊటలుండునని కొండ పల్లెల ఆడవారు చెప్పుదురు. బిందె మోయువారు వారే కదా.

కొండవారికి పెద్ద సరస్సులకన్న చిన్న గుంటలే ఎక్కువ ఉపకారము చేసినవి. ఊట పుట్టినచోట రాతితో కట్టి మెట్లు వేసిన నౌలాలు ఊరూర కలవు; కొన్ని శతాబ్దముల నాటివి. కొండనెత్తిమీద వాననీటిని ఆపు గుంటలను చాల్, ఖాల్ అందురు. పశువులు త్రాగగా మిగిలినది ఇంకి, క్రింది ఊటలను పోషించును. గఢ్వాలులోని ఉఫ్రేంఖాల్‌లో సచ్చిదానంద భారతీ అను బడిపంతులు, 1980ల చివరనుండి, పల్లెల ఆడవారిని కూడగట్టి అట్టి గుంటలు వేలకొలది త్రవ్వించెను. పెద్ద యంత్రమేదియు లేదు. పారయు, గడ్డపలుగును మాత్రమే. ఎండిపోయిన సూఖారౌలా అను వాగు కొన్నేండ్లకు మరల పారెను. పల్లెవారు దానికి గాడ్‌గంగ అని పేరు మార్చిరి.

ఇక ప్రయాణపు మాట. మే, జూన్ నెలలలో గదులు దొరకవు, దారులు కిక్కిరియును. పిల్లల బడి అనుమతించినచో వానలు వెలిసిన అక్టోబరు మొదటి వారములు మేలు. అప్పుడు సరస్సులు నిండియుండును, గాలి తేటపడి దూరపు మంచుకొండలు కనబడును. నైనీతాలులో మల్లీతాల్ వైపునుండి పైకి అరగంట నడచినచో సూఖాతాల్ వచ్చును. వాన బాగుగ పడిన ఏట అందులో ఇంకను నీరుండును. అచ్చటికి పడవలు లేవు, అంగళ్లు తక్కువ. పెద్దలను తప్పక తీసికొని పోవలెను.