ఠాణాలో అడగవలసిన కాగితం
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదికమీద పిల్లల చదువుల గురించీ పెళ్లి ఖర్చుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి మేము అరెస్టుల సంగతి ఎత్తుకున్నాం. పండుగలాంటి సభలో ఠాణా మాటేమిటని కార్యవర్గంలోనే ఒకరిద్దరు అన్నారు. నిజమే. కాని మావల్ల జరిగిన పొరపాటు ఒకటుంది. అది చెప్పకుండా ఇంకేదో మాట్లాడడానికి మాకు నోరు రాలేదు.

కిందటేడు వానాకాలంలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించి ఇళ్లకు పోతుంటే, మెకానిక్ పని చేసే ఒక కుర్రవాడి తండ్రి ఉరుక్కుంటూ వచ్చాడు. "భాయ్ సాబ్, పోరణ్ని జీపుల ఎక్కించుకొని పోయిండ్రు. ఎందుకంటే చెప్తలేరు" అన్నాడు. మేము ముగ్గురం ఠాణాకు వెళ్లాం. అక్కడి అధికారి మర్యాదగానే కుర్చీలు వేయించారు. "అరెస్టు లేదు, ఏమీ లేదు. రెండు మాటలు అడిగి పంపిస్తాం, పొద్దున రండి" అన్నారు. ఆ మాట పట్టుకుని తిరిగి వచ్చాం. పొద్దున పోతే సాయంత్రం అన్నారు, సాయంత్రం పోతే పెద్దసారు లేరన్నారు. మూడోనాడు కుర్రవాణ్ని మేజిస్ట్రేటు ముందుకు తెచ్చారు. కాగితంలో అరెస్టు సమయం ముందురోజు సాయంత్రం ఆరు గంటలని ఉంది. మరి మొదటి రాత్రి ఎటు పోయింది? వకీలు మమ్మల్నే అడిగాడు: "మీరు ఎన్ని గంటలకు ఠాణాకు పోయిండ్రు? ఎక్కడన్న రాసిపెట్టిండ్రా?" ముగ్గురం చదువుకున్నవాళ్లమే. ముగ్గురి జేబుల్లో పెన్నులున్నాయి. ఒక్క అక్షరం రాయలేదు.

వారంటు లేకుండా పట్టుకునే అధికారం పోలీసులకు ఉంది. లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో 35వ సెక్షను ఈ అధికారం ఇస్తుంది. హత్య, దోపిడీ, దొమ్మీ వంటి కేసుల్లో వారంటు అక్కరలేదు. అయితే ఏడేళ్ల వరకే శిక్ష పడే నేరమైతే, అరెస్టు ఎందుకు అవసరమో అధికారి కారణాలు రాయాలి. అవసరం లేదనుకుంటే ఫలానా రోజు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాగని వచ్చినదాన్ని తుడిచివేయకండి, వకీలుకు చూపండి. మూడేళ్ల లోపు శిక్ష పడే కేసులో అరవై దాటిన మనిషినిగాని, జబ్బు మనిషినిగాని డి.ఎస్.పి. ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదు. ఆడవాళ్లను పొద్దుగూకిన తర్వాత, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారే మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని చేయాలి.

ఇక అసలు సంగతి. అరెస్టు చేసినప్పుడు మెమో రాయాలి. దానిమీద ఇంటివారో, లేక ఆ పేటలో గౌరవంగల మనిషో సాక్షి సంతకం పెట్టాలి. పట్టుబడినవాడు కూడా సంతకం చేయాలి. ఈ నియమం వెనుక ఒక ఉత్తరం ఉంది. లాకప్పు చావుల మీద డి.కె. బసు అనే ఆయన 1986లో సుప్రీంకోర్టుకు రాసిన ఉత్తరాన్నే కోర్టు పిటిషనుగా తీసుకుని, 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. అంటే మహల్లా పెద్దకు చట్టంలోనే ఒక చోటు ఉందన్నమాట. మనమేమో ఠాణాకు పోయి సిఫారసు చేస్తాం, చాయ్ తాగి వస్తాం. చట్టం మనల్ని పిలిచింది సిఫారసుకు కాదు, సాక్ష్యానికి. తారీఖు, గంట చూసి సంతకం పెట్టడానికి.

గంటమీద అంత పట్టుదల ఎందుకంటే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలపాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. ఆ లెక్క కాగితంలో రాసుకున్న గంట నుంచి కాదు, మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచేనని 2024లో మన తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. కాని ఆ క్షణం ఏదో రుజువు చేసేదెవరు? మాలాంటి ముగ్గురు పెద్దమనుషులేనా?

హైదరాబాదు ఈ నష్టాన్ని పెద్దయెత్తున చూసింది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తర్వాత ఎంతోమంది యువకులను పట్టుకున్నారు. చూపిన తేదీకి ముందే తమను ఎక్కడెక్కడో ఉంచి కొట్టారని వారు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ విచారించి నివేదిక ఇచ్చారు. కోర్టుల్లో వారిమీద కేసులు నిలవలేదు. ప్రభుత్వం పరిహారం ఇచ్చింది, ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది. పోయిన చదువులూ ఉద్యోగాలూ ఏ ఉత్తర్వుతోనూ రాలేదు.

భాష సంగతి కూడా మనకు ముఖ్యమే. అరెస్టు కారణాలను ఆ మనిషికి తెలిసిన భాషలో రాసి ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగు చదవడం రాని ఉర్దూ పిల్లలు మనలో లేకపోలేదు. ఉర్దూలో అడగండి. మొహమాటం వద్దు.

రిమాండు అయిన తర్వాత ఇంకో లెక్క. కేసును బట్టి 60 లేక 90 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే జమానతు హక్కు వస్తుంది. అయితే అడిగితేనే, అదీ చార్జిషీటు పడకముందు అడిగితేనే. మొదటిసారి కేసులో పడినవాడు, గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే విడుదలకు అర్హుడు. ఉరి, యావజ్జీవ కేసులకూ, కేసు మీద కేసు ఉన్నవారికీ ఇది వర్తించదు. పి.డి. చట్టం దారి వేరు. 1986 నాటి ఆ చట్టం కింద నిర్బంధిస్తే 24 గంటల నియమమే లేదు, ఏడాది దాకా ఉంచవచ్చు. తెలంగాణలో దాన్ని విచక్షణ లేకుండా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మందలించింది.

విచారణ ఖైదు అంటే వరంగల్‌వాళ్లకు ఒకరు చెప్పాలా? 2015 ఏప్రిల్ 7న మన సెంట్రల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకుపోతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు తూటాలకు చనిపోయారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసులన్నారు. బేడీలతో ఉన్నవాళ్లు ఎట్లా లాక్కుంటారని ఇంటివాళ్లు అడిగారు. వారు దోషులో కాదో చెప్పే తీర్పు ఇక రాదు. ఆ జైలునే 2021లో ఖాళీ చేయించి, స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు. ఆసుపత్రి కావలసిందే. కాని ఖైదీలను వేరే ఊళ్ల జైళ్లకు పంపడంతో ములాఖాతుకు పోయే ముసలి తల్లులకు బస్సు ఖర్చు పెరిగింది.

మా కుర్రవాడి తండ్రి ఖమ్మం దాకా తిరిగాడు. ఈసారి రోజుల లెక్క మేమే నోటుబుక్కులో రాశాం. అరవై రోజులు నిండినా చార్జిషీటు పడలేదు. ఆ మరునాడే వకీలు దరఖాస్తు పెట్టాడు, జమానతు దొరికింది. కేసు ఇంకా నడుస్తోంది. మొదటి రాత్రి సంగతి మాత్రం కోర్టులో రుజువు కాలేదు.

వకీలును పెట్టుకునే తాహతు లేనివారు న్యాయసేవాధికార సంస్థకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు, ఫీజు ఉండదు. బయట బల్లమీద ఒక రిజిస్టరు పెట్టాం. రాత్రివేళ పిలిస్తే ఠాణాకు వచ్చి, గంట చూసి రాసుకుని, సంతకం పెట్టగలవారు మహల్లాకు ఇద్దరు చొప్పున కావాలి. మా ముగ్గురి పేర్లు ముందే రాశాం. భోజనాలకు లేచేముందు మిగతా పేర్లు రాయించండి. సెలవు.